కామా కూడా వాయించాలి: పెద్దయ్యాక వీణ పట్టేవాళ్లకు

నలభై దాటాక వీణ మొదలుపెట్టేవాళ్లకు రెండు భయాలుంటాయి. వేళ్లు వంగవేమోనని ఒకటి, చెవి పట్టదేమోనని ఇంకోటి. చాలామందికి ఆ రెండూ నెమ్మదిగా కుదురుకుంటాయి. చెడేది లెక్క. పిల్లలు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతారు కాబట్టి తాళం వాళ్లకు దానంతటదే అంటుకుంటుంది. పెద్దవాళ్లకు తెలుగు చదవడం ఏళ్ల తరబడి అలవాటు. స్వరాల వరస కనబడగానే కన్ను పేపర్ చదివినట్టు గబగబా జారిపోతుంది. దీర్ఘం హ్రస్వమైపోతుంది, కామా మాయమవుతుంది, స్వరాలన్నీ సరిగ్గానే పలికినా పాఠం తాళంలో కూర్చోదు.

స్వరపుస్తకం దగ్గర మొదట తెలుసుకోవాల్సింది ఒకటుంది. అది కాలాన్ని పక్కాగా రాస్తుంది, స్వరస్థానాన్ని సగమే రాస్తుంది, స్వరాన్ని ఊపి, జార్చి పలికించే గమకాన్ని దాదాపు రాయదు. ఏది పుస్తకంలో వెతకాలో, ఏది రాగలక్షణంలో చూసుకోవాలో, ఏది గురువు వాయిస్తుంటే విని పట్టుకోవాలో తేడా తెలియక తికమకపడేవాళ్లే ఎక్కువ.

కాలం: పుస్తకం చెప్పేది

తెలుగు పుస్తకాల్లో హ్రస్వం ఒక అక్షరకాలం: స, రి, గ. దీర్ఘం రెండు: సా, రీ, గా. కామా ఒకటి, సెమికోలన్ రెండు. ఇవి వచ్చినప్పుడు ముందున్న స్వరాన్నే అంతసేపు పొడిగించాలి. కాబట్టి ‘గా ,’ అంటే మూడు, ‘పా ;’ అంటే నాలుగు. ఒక నిలువు గీత ఉంటే తాళంలో ఒక అంగం (భాగం) అయిందని, జంట గీత ఉంటే ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, పూర్తయిందని గుర్తు. అక్షరాల నెత్తిన అడ్డగీత ఉంటే దాని కింద ఉన్నవన్నీ సగం కాలానికి తగ్గుతాయి. రెండు గీతలుంటే పావు. స్వరం మీద చుక్క ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రస్థాయి.

ఈ కింది రెండు ఆవర్తనాలు ఆది తాళంలో ఉన్నాయి. లఘువుకు నాలుగు, ఒక్కో ద్రుతానికి రెండు, మొత్తం ఎనిమిది.

సా రి గ | మ , | ప ద ||
పా ; | మా | గ రి ||

అరచేత్తో దెబ్బ వేస్తూ ‘సా’ అనండి. చిటికెన వేలు లెక్కకు వచ్చినప్పుడు ఇంకా ‘సా’లోనే ఉండాలి. ఉంగరపు వేలికి ‘రి’, మధ్య వేలికి ‘గ’. ద్రుతం దెబ్బకు ‘మ’, చెయ్యి తిప్పినప్పుడు కామా, అంటే ఇంకా ‘మ’. రెండో ద్రుతం దెబ్బకు ‘ప’, తిప్పితే ‘ద’. రెండో ఆవర్తనంలో దెబ్బ, మూడు వేళ్లు కలిపి లఘువంతా ఒక్క ‘ప’దే. ‘మా’కు దెబ్బ, తిప్పు రెండూ పోతాయి. చివరి ద్రుతంలో ‘గ’, ‘రి’ తలా ఒకటి.

వీణ మీద పట్టు జారేది ఈ ‘పా ;’ దగ్గరే. వయొలిన్‌లో కమాను సాగినంతసేపు, వేణువులో ఊపిరి ఉన్నంతసేపు స్వరం నిలబడుతుంది. వీణ తీగ మీటిన క్షణం నుంచే నాదం తగ్గుతూ వస్తుంది. మూడో లెక్కకు వినీ వినబడనట్టుంటుంది. వాయించేవాళ్లకు అది ఖాళీగా తోచి, నాలుగో లెక్క రాకముందే తర్వాతి స్వరం మీదికి దూకుతారు. కీబోర్డు నేర్చుకుని వచ్చినవాళ్లయితే కామాను విరామం అనుకుని వేలు ఎత్తేస్తారు. కామా విరామం కాదు. వేలు ఎత్తితే నాదం ఠక్కున తెగుతుంది. మెట్టు (ఫ్రెట్) మీద అదుము తగ్గించకుండా అలాగే ఉంచాలి, మళ్లీ మీటకూడదు. తగ్గిపోతున్న ఆ నాదాన్ని లెక్క పూర్తయ్యేదాకా వినడం కూడా వాయించడంలో భాగమే.

దీనికి మందు నోటితో చెప్పడం. కొత్త పంక్తి ఏదైనా వీణ ముట్టుకోకుండా, చేత్తో తాళం వేస్తూ ముందు చెప్పాలి. దీర్ఘాల్లో, కామాల్లో అచ్చును కొద్దిగా ఒత్తి పలకండి: ‘సా ఆ రి గ, మ అ, ప ద’. అప్పుడు రెండో లెక్క నోటికే తగులుతుంది, తప్పించుకోవడానికి వీలుండదు. తడబడకుండా రెండు మూడుసార్లు చెప్పగలిగాకే వీణ మీదికి వెళ్లాలి. ఇది చిన్నపిల్లల పనిలా ఉందని పెద్దవాళ్లు వదిలేస్తారు. నా లెక్కలో మొదటి ఆరు నెలల సాధనలో దీన్ని మించినది లేదు.

పుస్తకం మీద పెన్సిల్ పెట్టడానికి మొహమాటపడకండి. దీర్ఘాలకు సున్న చుట్టండి, కామా చిన్నగా అచ్చయితే దిద్దండి. ముఖ్యంగా చుక్కలు. తెలుగులో ‘రి’, ‘ని’లకు పైన గుడి ఉంటుంది. పాత అచ్చుల్లో, ఫొటోకాపీల్లో తారస్థాయి చుక్క ఆ గుడిలో కలిసిపోతుంది. వాట్సాప్‌లో తిరిగే టైపు చేసిన స్వరాల్లో అయితే చుక్కలూ ఉండవు, అడ్డగీతలూ ఉండవు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లు పెద్ద అక్షరాన్ని దీర్ఘానికి, చిన్న అక్షరాన్ని హ్రస్వానికి వాడతారు. ఆ తేడా పట్టించుకోకుండా టైపు చేసిన కాగితం దొరికితే పక్కన పడేయడమే మేలు. ఒక్కో ఆవర్తనంలో అక్షరాలు లెక్కపెట్టి చూడండి. ఆది తాళం సరళివరస (మొదటి పాఠం) ఎనిమిదికి రాకపోతే ఆ కాగితంలోనే తప్పుంది.

చదువుతున్నారో, కంఠతా వచ్చింది అప్పజెబుతున్నారో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష: పంక్తిని రెండో అంగం నుంచి మొదలుపెట్టి వాయించండి. ఆగిపోతే మీకు వరస వచ్చింది, చదవడం రాలేదన్నమాట.

స్వరస్థానం: పుస్తకం సగమే చెప్పేది

పంక్తిలో ‘రి’ అని మాత్రమే ఉంటుంది. ఏ రి అన్నది ఉండదు. అది పాఠం నెత్తిన ఉన్న రాగం పేరులో, ఆరోహణ అవరోహణల్లో, మేళకర్త సంఖ్యలో (మూల రాగాల పట్టికలో వరస అంకె) ఉంటుంది. ఆ పైపంక్తి చూడకుండా కింద స్వరాలు మొదలుపెట్టడం బాగా మామూలు పొరపాటు.

వీణలో హాయి ఏమిటంటే స్వరస్థానాలు కంటికి కనబడతాయి. 24 మెట్లు, అంటే ఒక్కో తీగ మీద రెండు స్థాయిలు. మొదటిదైన సారణి తీగ వట్టిగా మీటితే షడ్జం. 1వ మెట్టు శుద్ధ రిషభం, 2 చతుశ్రుతి రిషభం, 3 సాధారణ గాంధారం, 4 అంతర గాంధారం, 5 శుద్ధ మధ్యమం, 6 ప్రతి మధ్యమం, 7 పంచమం, 8 శుద్ధ ధైవతం, 9 చతుశ్రుతి ధైవతం, 10 కైశికి నిషాదం, 11 కాకలి నిషాదం, 12 తారషడ్జం. 2వ మెట్టుకే శుద్ధ గాంధారమని, 3కు షట్శ్రుతి రిషభమని, 9కి శుద్ధ నిషాదమని, 10కి షట్శ్రుతి ధైవతమని రెండో పేర్లున్నాయి. స్థానాలు 12, పేర్లు 16 అయ్యింది అందుకే. మొదట్లో ఈ రెండో పేర్లతో పని పడదు.

కొత్త రాగం రాగానే పుస్తకం మార్జిన్‌లో మెట్ల అంకెలు రాసుకోండి. మాయామాళవగౌళ, 15వ మేళం: 0 1 4 5 7 8 11 12. ఖరహరప్రియ, 22: 0 2 3 5 7 9 10 12. హరికాంభోజి, 28: 0 2 4 5 7 9 10 12. శంకరాభరణం, 29: 0 2 4 5 7 9 11 12. కల్యాణి, 65: శంకరాభరణంలో 5కు బదులు 6. మోహనం: 0 2 4 7 9 12. హంసధ్వని: 0 2 4 7 11 12. అంకెలు రాగం కావు, చెయ్యి ఎక్కడికి వెళ్లాలో చెప్పే గుర్తులు మాత్రమే. ఆ పని మాత్రం నిక్కచ్చిగా చేస్తాయి.

తారస్థాయిలో అవే అంకెలకు 12 కలపాలి: రి 13, గ 16, మ 17, ప 19. మంద్రానికి దిగితే తీగ మారుతుంది. రెండోది పంచమం తీగ, వట్టిగా మీటితే మంద్ర పంచమం. దాని 1వ మెట్టు మీద శుద్ధ ధైవతం, 4వ మెట్టు మీద కాకలి నిషాదం. ఇంకా కిందికి వెళ్లాలంటే మూడోది, మంద్రం తీగ. అక్కడ 0 1 4 5 మళ్లీ స రి గ మ. స్వరం కింద చుక్క కనబడితే తీగ మారాలన్న సంగతి ఒక స్వరం ముందే తెలియాలి. అందుకని చుక్కకు ముందున్న అక్షరం దగ్గర పెన్సిల్‌తో బాణం గీయమంటాను.

అందరికీ మాయామాళవగౌళతోనే ఎందుకు మొదలుపెడతారంటే, పురందరదాసు వేసిన బాట అదని సంప్రదాయం చెబుతుంది. వీణ చూస్తే మరో కారణం కనిపిస్తుంది. 0 1 4 5 ఒక ముక్క, 7 8 11 12 ఇంకో ముక్క. రెండింటిలో మెట్ల ఎడం ఒకటే: ఒకటి, మూడు, ఒకటి. పూర్వాంగంలో పట్టిందే ఉత్తరాంగంలో మళ్లీ పట్టడం. ఎడం ఒకటే అయినా చెయ్యి వెళ్లే దూరం మాత్రం ఒకటి కాదు. తీగ పొడవు 80 సెంటీమీటర్లు అనుకుంటే 1వ మెట్టు నుంచి 4వ మెట్టుకు దాదాపు 12 సెంటీమీటర్లు, 8 నుంచి 11కు 8 మాత్రమే. పైకి వెళ్లేకొద్దీ మెట్లు దగ్గరపడతాయి. రి నుంచి గ కు చాలక వెనకే ఆగడం, ద నుంచి ని కి ఎక్కువై దాటిపోవడం అందువల్లే. కొత్తవాళ్లందరిలోనూ ఈ రెండు తప్పులూ జంటగా కనబడతాయి.

12 సెంటీమీటర్లు వేళ్లు చాచి అందుకునే దూరం కాదు. మొత్తం చెయ్యే జరగాలి. ఒక పద్ధతి ఇలా ఉంటుంది: రి చూపుడు వేలుతో, తర్వాత చెయ్యి జరిపి గ చూపుడుతో, మ మధ్య వేలుతో. మళ్లీ జరిపి ప చూపుడు, ద మధ్య వేలు. మళ్లీ జరిపి ని చూపుడు, స మధ్య వేలు. చెయ్యి జరిగేది మూడుసార్లే. అవరోహణలో ఇదే తిరగబడుతుంది. మీ గురువు వేరే వేళ్లు చెబితే అవే వాడండి, కానీ ఏ స్వరానికి ఏ వేలన్నది రోజుకో తీరుగా మారకూడదు. పుస్తకాల్లో వేళ్ల గుర్తులు ఉండవు, అవి కూడా పెన్సిల్ పనే.

వేలు మెట్టుకు ఆనుకుని, బిరడాల వైపు ఉండాలి. రెండు మెట్ల మధ్యలో నొక్కితే స్వరం గరగరమంటుంది, పైగా ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది. బలం పెంచితే తీగ సాగి శ్రుతి పైకి పోతుంది. ఎడమ చేతి వేలికొసలకు కొంచెం కొబ్బరినూనె రాసుకుంటే జారు సాఫీగా వస్తుంది. కొంచెమే, తీగంతా జిడ్డయితే నాదం మందగిస్తుంది. మొదటి వారాల్లో వేలికొసలు మండుతాయి, గీత పడుతుంది. గంటసేపు ఏకబిగిన కూర్చోవడం కంటే ఇరవై నిమిషాల చొప్పున రెండు పూటలు మేలు. మోకాళ్లు సహకరించకపోతే పీట మీదో స్టాండు మీదో వీణ పెట్టుకుని కుర్చీలో కూర్చుని వాయించండి, ఏ దోషమూ లేదు.

శ్రుతి, మెట్లు, మైనం

చాలా వీణలకు 2½ లేదా 3 శ్రుతి నప్పుతుంది. హార్మోనియం లెక్కలో డి షార్ప్ లేదా ఇ. గొంతు శ్రుతి వేరైనా పర్వాలేదు, మొదటి వరసలు ఒక్క స్థాయిలోనే తిరుగుతాయి. వీణను మీ గొంతు కోసం 5కు బిగిస్తే మాత్రం సారణి తెగుతుంది.

సారణిని తంబురా యాప్‌తో కలిపాక మిగతావి వీణతోనే సరిచూసుకోవచ్చు. పంచమం తీగ 5వ మెట్టు మీద పలికేది వట్టి సారణితో ఏకం కావాలి. మంద్రం తీగ 7వ మెట్టు వట్టి పంచమంతో, అనుమంద్రం తీగ 5వ మెట్టు వట్టి మంద్రంతో. పక్కనున్న మూడు తాళపు తీగలు స, ప, తార స. ముందు బిరడాతో దగ్గరికి తెచ్చి, చివరి పిసరంత సవరణ కుండ వైపున్న లంగరు దగ్గరి రింగులతో చేయాలి. బిరడా జారిపోతుంటే దాన్ని బయటికి తీసి సుద్దముక్క పొడి రుద్దండి.

ట్యూనర్ యాప్ విషయంలో ఒక హెచ్చరిక. అది మెట్టుకు సరిగ్గా 100 సెంట్ల (శ్రుతి తేడాను కొలిచే చిన్న ప్రమాణం) చొప్పున లెక్కేస్తుంది. షడ్జంతో శుద్ధంగా కలిసే అంతర గాంధారం ఆ లెక్కకంటే సుమారు 14 సెంట్లు తక్కువ. చెవితో మెట్లు అమర్చినవాళ్లు 4వ మెట్టును కొంచెం తగ్గించి పెట్టి ఉండొచ్చు. యాప్ ఎర్రగా చూపిందని మెట్టు చెడిపోయిందనుకోకండి. స, ప దగ్గర మాత్రం తేడా ఒప్పుకోవద్దు.

మెట్లు నిలబడేది మైనం మీద. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి చేసిన నల్లటి దిమ్మలో ఇత్తడి మెట్లు కూర్చోబెడతారు. మే నెలలో కిటికీ పక్కన ఎండ తగిలేచోట వీణ పెట్టినా, మూసిన కారులో గంట వదిలేసినా మైనం మెత్తబడి మెట్లు కుంగుతాయి. నిన్నటిదాకా సరిగా పలికిన మ ఈరోజు అపశ్రుతి పోతే ముందు మీ వేలిని కాదు, మెట్టును అనుమానించండి. 12వ మెట్టుకు సరిగ్గా ఎదురుగా తీగను నొక్కకుండా తాకీ తాకనట్టు వేలు పెట్టి మీటి, వెంటనే వేలు తీసేయండి. గంటలాంటి తారషడ్జం పలుకుతుంది. ఇప్పుడు అదే మెట్టు మీద నొక్కి మీటండి. రెండూ ఒకటి కాకపోతే మెట్టు జరిగింది, లేదా తీగ పాతబడింది. తీగ మార్చినా అలాగే ఉంటే మెట్లు మళ్లీ కట్టించాల్సిందే. అది వీణలు చేసేవాళ్ల పని, ఇంట్లో కొవ్వొత్తి పెట్టి ప్రయత్నించేది కాదు.

కొత్త వీణ కొనేటప్పుడు కూడా ఇదే పరీక్ష నాలుగు తీగల మీదా చేసి చూడండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసమానులో తొలిచి చేసే వీణలకు పేరుంది. చెక్కడం ఎంత అందంగా ఉన్నా, 24 మెట్లూ ఒక్కొక్కటిగా మీటి గరగర లేదని తేల్చుకోకుండా డబ్బు చేతికివ్వద్దు.

మూడు కాలాలు

మొదటి కాలంలో తాళం ఒక్కో లెక్కకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. తాళం వేగం మారదు. చాలామంది మెట్రోనోమ్‌ను రెట్టింపు చేసి ‘రెండో కాలం వచ్చింది’ అనుకుంటారు. అది మొదటి కాలమే, తొందరగా వాయించినది. మెట్రోనోమ్ కదలకుండా ఉండాలి, స్వరాలే రెట్టింపు కావాలి.

వేగం ఎంత పెట్టాలన్నది మూడో కాలమే తేలుస్తుంది. మెట్రోనోమ్ 60 మీద మూడో కాలమంటే సెకనుకు నాలుగు స్వరాలు, కొత్తవాళ్లకు అందదు. 30 మీద సెకనుకు రెండు, ఇది అందుతుంది. కాబట్టి 30తో మొదలుపెట్టండి. అప్పుడు మొదటి కాలంలో ఒక్కో స్వరం రెండు సెకన్లుంటుంది, ఒక్క ఆవర్తనానికి 16 సెకన్లు పడుతుంది. విసుగొస్తుంది. ఆ రెండు సెకన్లలో మళ్లీ మీటకుండా, వేలు కదపకుండా, తొందరపడకుండా ఉండగలగడమే అక్కడి పాఠం.

ఇంకో చిక్కుంది. మొదటి సరళివరస ఆరోహణ, అవరోహణ కలిపి 16 స్వరాలు. మొదటి కాలంలో రెండు ఆవర్తనాలు, రెండో కాలంలో సరిగ్గా ఒకటి, మూడో కాలంలో సగమే. మూడో కాలం ఒక్కసారి వాయించి ఆపితే తాళం మధ్యలో నిలబడతారు. రెండుసార్లు వాయిస్తేనే సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వస్తుంది. మూడు కాలాలూ గుక్కతిప్పకుండా వాయించి సమం మీద ముగించినప్పుడే ఆ వరస వచ్చినట్టు లెక్క.

కుడిచేతి చూపుడు, మధ్య వేళ్లు మార్చి మార్చి మీటడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. ఒక్క చూపుడు వేలుతో రెండో కాలం దాకా నెట్టుకురావచ్చు. మూడో కాలంలో చెయ్యి బిగుసుకుపోతుంది, అప్పుడు మార్చుకోవడం కష్టం. చిటికెన వేలుతో తాళపు తీగలు మీటడం మాత్రం సరళివరసలు నిలదొక్కుకున్నాకే. ఆది తాళంలో 1, 5, 7 లెక్కల మీద, అంటే అంగం మొదలైన చోట మీటితే తాళం వినబడుతుంది. మరో తీరుగా నేర్పే గురువులూ ఉన్నారు.

జంటవరసల్లో ‘సస రిరి గగ’ అని ఉన్నచోట రెండు మీట్లూ ఒకే బరువుతో వేస్తే ఏ పసా ఉండదు. రెండోది నొక్కి పలకాలి. అలంకారాలకు వచ్చేసరికి ధ్రువ 14, మఠ్య 10, రూపక 6, ఝంపె 10, త్రిపుట 7, అట 14, ఏక 4 లెక్కలు. వీటిలో తడబడేవాళ్లు వీణ పక్కన పెట్టి చేత్తో తాళం వేసుకుంటూ చెప్పడానికి మళ్లీ వెళ్లాలి. వేరే దారి లేదు.

గీతంలో ఎదురయ్యేది

మొదటి గీతాలు మలహరిలో ఉంటాయి. మాయామాళవగౌళ నుంచి పుట్టిన రాగం (జన్యం), స్వరస్థానాలు అవే, నిషాదం లేదు. ఆరోహణ స రి మ ప ద స, అవరోహణ స ద ప మ గ రి స. మెట్లలో చూస్తే ఎక్కేటప్పుడు 0 1 5 7 8 12, దిగేటప్పుడు 12 8 7 5 4 1 0. నెలల తరబడి 1 తర్వాత 4 మీదికి వెళ్లడం అలవాటైన చెయ్యి, 5కు వెళ్లాల్సిన చోట 4 మీద వాలుతుంది. కన్ను ‘మ’ చదువుతుంది, వేలు ‘గ’ వాయిస్తుంది. దీన్ని సరిచేయడానికి గీతం మొత్తం పదేపదే వాయించడం దండగ. 0 1 5 1 0, 1 5 7 5 4 1 అన్న రెండు ముక్కలు తీసుకుని కళ్లు మూసుకుని కాసేపు వాయిస్తే ఆ దూరం చేతికి తెలుస్తుంది.

గీతం నుంచి స్వరాల కింద సాహిత్యం కూడా వస్తుంది. రెండు పంక్తులు ఒకేసారి చదవలేరు. ముందు స్వరం నోటికి, తర్వాత సాహిత్యం నోటికి, ఆ తర్వాతే వీణ. మీటు విషయంలో ఇక్కడో తేడా మొదలవుతుంది. వరసల్లో స్వరానికో మీటు. సాహిత్యం ఉన్నచోట అక్షరానికో మీటు వేసి, ఆ అక్షరంలో వచ్చే తక్కిన స్వరాలను ఎడమ చేత్తోనే పలికించడం ముందుముందు రావాలి.

వర్ణానికి వచ్చేసరికి పేజీ ఒక్కసారిగా నల్లబడుతుంది. గీతంలో లెక్కకు ఒక అక్షరం ఉండేది, ఆది తాళ వర్ణంలో మొదటి కాలంలోనే నాలుగు ఉంటాయి. అంటే ఆవర్తనానికి 32. ఇక్కడ నిలువు గీతలను నమ్ముకుంటే చాలదు, నాలుగు అక్షరకాలాలకో చిన్న పెన్సిల్ గీటు పెట్టుకోవాలి. అడ్డగీత కింద రెండు అక్షరాలుంటే వాటిని ఒకటిగా లెక్కపెట్టడం మరవకండి. అక్కడ ఒక్కటి జారితే ఆవర్తనం అంతా పక్కకు పోతుంది.

గమకం: పుస్తకం చెప్పనిది

తోడిలో ‘గ’ అని రాసి ఉంది కదా అని 3వ మెట్టు మీద నొక్కి ఊరుకుంటే అది తోడి కాదు. ఆ గాంధారం కింది మెట్టు నుంచి తీగ లాగి ఊగించాల్సినది. పుస్తకంలో ఉన్నది ఒక్క అక్షరమే. అక్షరాన్ని చదివి గమకాన్ని ఊహించుకోకూడదు, విని పట్టుకోవాలి. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు గురుశిష్యులే. ఇద్దరి రికార్డింగుల్లోనూ ఒకే రాగం పట్టుకుని వరసగా వినండి. స్వరాలు అవే, మీటులోనూ లాగడంలోనూ తేడా ఎంతుందో చెవికి తెలుస్తుంది.

లాగడం సాధనకు ఒక కొలత ఉంది. 7వ మెట్టు మీద ప వాయించి వినండి. ఇప్పుడు 5వ మెట్టు మీద మ మీటి, తీగను అదే మెట్టు మీద పక్కకు లాగుతూ ప దాకా తీసుకెళ్లండి. చెవికి అందిందనిపించాక ట్యూనర్‌తో చూడండి. మొదట్లో అందరూ తక్కువే లాగుతారు, ప అందకముందే వేలు నొప్పి పెట్టి ఆగిపోతుంది. రెండు వేళ్లూ కలిపి నొక్కి, మణికట్టు కదలికతో లాగితే తేలిక. 4 మీద నుంచి 5కు, తర్వాత 5 నుంచి 7కు, ఆ తర్వాతే మూడు మెట్ల దూరం. ఊగించడం చివర్లో రావాలి. ఎంత దూరం లాగాలో తెలియని వేలు ఊగిస్తే వణుకు వస్తుంది, కంపితం రాదు.

గమకాన్ని కూడా కాగితం మీద పెట్టే పని ఒకటి జరిగింది. 1904లో ఎట్టయపురం నుంచి సుబ్బరామ దీక్షితులు వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో స్వరాల మీద గమక చిహ్నాలున్నాయి. కంపితానికి అలగీత, జారుకు ఏటవాలు గీత, అలా ఒక్కోదానికి ఒక్కో గుర్తు. ఆ గమకాలను వీణ మీద ఎలా పలికించాలో కూడా ఆయన రాశారు. పుస్తకం తెలుగు లిపిలో ఉంది కాబట్టి మనకు అనువాదం అక్కర్లేదు. మొదటి ఏడాది దాన్ని తెరవద్దు. వర్ణాలు రెండు మూడు చేతికి వచ్చాక, ముందే నేర్చుకున్న రాగంలో ఒక చిన్న కృతి తీసుకుని, గుర్తులు వదిలేసి ముందు స్వరాలు తాళంలో చెప్పండి. తర్వాత ఒక్కో ఆవర్తనంలో ఒక్కో గుర్తు చొప్పున కలుపుకుంటూ వెళ్లండి.